గాల్లో ఆగిన చెయ్యి

మా డ్రాయింగు సారు పోయారని ఫోను వచ్చేసరికి నేను మార్కాపురం బస్టాండు దగ్గర కనిపించిన వాళ్లందరికీ లడ్లు పంచుతున్నాను. మా అమ్మాయి చెక్కిన రాతిబొమ్మను హైదరాబాదులో ఒక శిల్పాల తోటలో నిలబెడతారని ఆ పొద్దున్నే తెలిసింది. సారు కోసం విడిగా కట్టించిన పొట్లం నా చంకలోనే ఉంది. దాన్ని పట్టుకుని అక్కడే కూలబడ్డాను. దుఃఖం ఒకపక్క, పట్టలేని సంతోషం ఒకపక్క. నాది ఐదో తరగతి చదువు. రాతలో తప్పులుంటే మన్నించి చదవండి.

నేను పలకల గనిలో రాయి చీల్చేవాణ్ణి. ఒట్టి కోపిష్టిని. ఇంట్లో నా చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. అమ్మాయి పదో తరగతిలో ఉండగా పారేసిన పలకముక్కల మీద మేకుతో బొమ్మలు చెక్కేది. చదువుకోకుండా ఇదేం పిచ్చి అని ఒకరోజు అన్నిటినీ సుత్తితో పిండి చేశాను. అడ్డం వచ్చిందని పిల్లనూ కొట్టాను. మర్నాడు దాని బళ్లో డ్రాయింగు చెప్పే సారు నేరుగా గనికే వచ్చారు.

“అన్నా, ఈ పిల్లను శిల్పం చదివించు.”

“ఆడపిల్లకు రాళ్లు కొట్టే చదువు ఏంది సారూ? నేను కొట్టేది చాలదా?”

“నువ్వు పిల్లను గూడా కొడతా ఉండావు గదన్నా.”

పదిమందిలో ఆ మాట అనేసరికి చేతిలోని పలకను ఆయన ముఖం మీదికి విసిరాను. కనుబొమ్మ చీలింది. తెల్లచొక్కా ఎర్రగా తడిసింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆయన పోలీసుల దగ్గరికి పోలేదు. మూడోనాడు తలకు కట్టుతోనే మళ్లీ వచ్చారు.

“ఇంకేమన్నా పలకలు మిగిలుంటే అవీ ఇసిరెయ్ అన్నా. అయిపోయినాక మాట్లాడుకుందాం.”

కూలీలంతా పకపకా నవ్వారు. సిగ్గుతో నేనూ నవ్వాను. “ఒక్కరోజు నాతో హైదరాబాదు రా. ఈ చదువు చదివినోళ్లు ఏం చేస్తారో చూడు. చూసినాక గూడా వద్దంటే నేనింక నోరెత్తను,” అన్నారు.

అమ్మాయితో కలిసి ముగ్గురం బస్సెక్కాం. శ్రీశైలం ఘాట్లో నాకు వాంతులైతే నా తల పట్టుకున్నది ఆయనే. ఆయన కనుబొమ్మ మీద కుట్లు అప్పటికింకా మానలేదు.

మొదటి గ్యాలరీలో గోడంతా ఎర్రరంగు. “ఎవురిని నరికినారు సారూ ఇక్కడ?” అన్నాను. “మెల్లగా అనన్నా, గీసినాయన ఆ మూల్లోనే ఉండాడు,” అని ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. రెండో గ్యాలరీలో మాత్రం ఒక బొమ్మ ముందు ఆగిపోయాను. చెయ్యెత్తిన ఒక మగమనిషి, తల దాచుకుంటున్న ఒక పిల్ల. పక్కకు తిరిగితే మా అమ్మాయి ఆ బొమ్మను చూడటం లేదు. నా చెయ్యిని చూస్తోంది.

మధ్యాహ్నం శిల్పాల తోటకు వెళ్లాం. నిలువెత్తు నల్లరాతి ఎద్దు ఒకటి ఉంది. మా గని వాళ్లకు ఒక అలవాటు. ఏ రాయిని చూసినా సుత్తితో తట్టి వింటాం. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల నెర్రె ఉన్నట్టు. ఏ ఊరు పోయినా చిన్న సుత్తి నా సంచిలోనే ఉంటుంది. ఆ ఎద్దు మూపు మీద నాకు తెలియకుండానే టక్కున కొట్టాను.

బొమ్మను పగలగొడుతున్నాననుకుని కాపలావాడు పరిగెత్తుకొచ్చి లాఠీతో నా భుజం మీద ఒక్కటిచ్చాడు. రెండో దెబ్బకు సారు అడ్డం దూరారు. లాఠీ ఆయన నోటికి తగిలి ముందుపన్ను విరిగింది. రక్తం చూసేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. సుత్తి ఎత్తి కాపలావాడి తల మీదికి పోయాను.

“చెయ్యి గాల్లో ఆపన్నా!”

బళ్లో పిల్లలకు ఆయన రోజూ చెప్పే మాట అది. గీత గీసే ముందు చెయ్యిని ఒక్క క్షణం గాల్లో ఆపి, అది ఎక్కడికి పోతుందో చూసుకోవాలనేవారు. ఆయనా సుద్దముక్కను అట్లాగే బోర్డు ముందు ఆపేవారు. నా చెయ్యి ఆగింది. ఆ క్షణం ఆగకపోయి ఉంటే కాపలావాడు శవం, నేను జైలు, నా బిడ్డ వీధిపాలు.

“ఇప్పుడు చెప్పు. ఆ రాయి ఎట్ల పలికింది?” అన్నారు రక్తం ఉమ్మేసి.

“మూపులో నెర్రె ఉంది సారూ.”

మా అమ్మాయి సీసాలో నీళ్లు ఆ మూపు మీద పోసింది. ఎండకు రాయంతా ఆరిపోయింది, వెంట్రుకంత నల్లగీత మాత్రం తడిగా మిగిలింది. తోట అధికారి వచ్చి ఆ గీతను చూశాడు, మమ్మల్ని చూశాడు, సారుకు దూది తెప్పించాడు. నేను చూసింది మాత్రం నా కూతురి చేతుల్ని. నెర్రెను నీళ్లతో పట్టే ఆ పని దానికి ఎవరూ నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది. నేను కొట్టిన చేతులవి.

తిరుగు బస్సులో నేనే నోరు తెరిచాను. “చదివిస్తా సారూ.” ఆయన నోట్లో దూదితోనే నవ్వారు. ఆ పన్ను మళ్లీ కట్టించుకోలేదు. ఎందుకని అడిగితే, “ఈ సందులోంచి ఈల బాగా వస్తాదన్నా,” అని వేసి చూపించేవారు. ఆనాటి నుంచి మా ఇంట్లో నా చెయ్యి ఎవరి మీదా దిగలేదు. లేచింది, అబద్ధమెందుకు. గాల్లో ఆగింది.

మొన్న సారు సొంతూరు తర్లుపాడులోని సమాధుల తోటలో ఆయన తలాపున నిలబెట్టడానికి మా గని నుంచే రాయి తెచ్చాను. పేరు చెక్కే ముందు రాయిని తట్టి చూడమని అమ్మాయి నా చేతికి సుత్తి ఇచ్చింది. ఎత్తాను కానీ దించలేకపోయాను. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆ చెయ్యి కిందే అమ్మాయి రాయికి చెవి ఆనించి కళ్లు మూసుకుంది.

“కొట్టు నాయనా,” అంది. “నేను వింటా.”