పెండలాన్ని తియ్యగా వండిన బాబాయి

మా బాబాయి పోయాడు. ఫిజీలో బాబాయి ఉండే రాకిరాకి నుంచి వచ్చే బస్సు డ్రైవరు నౌసోరి మార్కెట్లో నా కూరగాయల బల్ల దగ్గరికి వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"దీదీ, మీ మనీలా బాబాయి గుజర్ గయిస్. నిన్న పొద్దున, నిద్రలోనే."

బల్ల పక్కామెకి అప్పజెప్పి అదే బస్సెక్కాను. దారి పొడుగునా ఆయన మాటలే గుర్తొచ్చాయి. అవి నాతోనే ఆగిపోకూడదని ఇది రాస్తున్నాను.

ఆయన తెలుగువాడు కాదు. మా పిన్నిని పెళ్ళాడి మాకు బాబాయి అయ్యాడు. పుట్టింది మనీలా దగ్గర ఒక పల్లె. రాకిరాకి దగ్గర పెనాంగ్ అనే మిల్లులో పంచదార ఎత్తడానికి వచ్చిన ఓడలో వంటవాడు. ఒకరోజు మంచినీళ్ళ కోసం దగ్గరలోని ఫిజీ ఊళ్ళోకి వెళ్ళాడట. అక్కడి పెద్దాయన ఒక గడ్డ కోసి చూపించి "ఉవి" అన్నాడు. లోపలంతా నేరేడుపండు రంగు. బాబాయి దేశంలో దాన్ని "ఉబే" అంటారు.

"మా ఊళ్ళో పిలిచే పేరే. వీళ్ళు కొంచెం తప్పు పలికారు, అంతే," అనేవాడు నవ్వుతూ. ఆ ఓడ ఆయన లేకుండానే వెళ్ళిపోయింది. మిల్లు దొరల వంటింట్లో పని దొరికింది. ఆ పెద్దాయన ఇచ్చిన గడ్డ ముక్కల్ని వాగు గట్టున నాటుకున్నాడు.

అవి గిర్మిట్ రోజులు, ఐదేళ్ళ కూలీ ఒప్పందం మీద మమ్మల్ని ఓడల్లో తెచ్చిన కాలం. మేం కూలీ లైన్లలో ఉండేవాళ్ళం. చెక్కగోడల గదులు, వరసగా. అమ్మా నాన్నా నేనూ ఒక గదిలో, పిన్ని పక్క గదిలో. పిన్నీ వాళ్ళాయనా మాతోపాటే విశాఖ వైపు నుంచి వచ్చారు. దిగిన ఏడే ఆయన జ్వరంతో పోయాడు. పిన్ని కంటతడి పెట్టలేదు, మాట్లాడటమే మానేసింది. పొద్దున్నే చెరకు తోటకి పోయేది, వచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. అమ్మ ఎన్ని అడిగినా తల ఊపడమే.

అమ్మ పెరట్లో మిరప మొక్కలుండేవి. ఆదివారాలు వాటికోసం బాబాయి వచ్చేవాడు, అప్పటికింకా మాకు ఏమీ కాడు. ఒక ఆదివారం మిరపకాయలకి బదులుగా అరిటాకులో ఏదో పట్టుకొచ్చాడు. ముద్దగా, మెత్తగా, ఊదారంగులో నిగనిగలాడుతోంది. అమ్మ అనుమానంగా చూసింది.

"ఏంటిది?"

"ఉబే. మీ పెండలం. కొబ్బరిపాలు, షుగర్."

గోడవైపు తిరిగి ఉన్న పిన్ని గభాల్న లేచి కూర్చుంది.

"పెండలంలో పంచదారా? పెండలం పులుసు పెట్టుకుంటారు గానీ పాయసం ఎవరైనా పెడతారా? గడ్డంతా నాశనం చేశాడు!"

నెలల తర్వాత పిన్ని నోట వచ్చిన మొదటి మాటలు అవి. అమ్మ చేతిలోని చేట అలాగే ఉండిపోయింది. బాబాయికి సగమే అర్థమైనట్టుంది. ఆకు ఆమె ముందుకి జరిపాడు.

"ముందు తిను. తర్వాత తిట్టు."

పిన్ని తినింది. తిట్టింది కూడా. కొబ్బరిపాలు ఎక్కువయ్యాయంది, యాలక్కాయ లేదంది. మరుసటి ఆదివారం పులుసు చేసి ఆయన ముందు పెట్టింది. చింతపండు పులుపుకి ఆయన కళ్ళు మూసుకుని, గిన్నె మాత్రం ఖాళీ చేశాడు. ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆ తగువుతోనే గడిచాయి. గడ్డ ఉడికించి, తొక్క తీసి, మెత్తగా మెదిపి, కొబ్బరిపాలూ మిల్లు పంచదారా పోసి సన్నని మంటమీద తిప్పేవాడు. మూకుడు అంచులు వదిలి ముద్ద అయ్యేదాకా చెయ్యి ఆపేవాడు కాదు. "తొందరైతే పచ్చిమిరపకాయ తిను, ఇది వద్దు," అనేవాడు నాతో.

లైన్లలో గుసగుసలు మొదలయ్యాయి. నాన్న ఒకరోజు పిన్నిని కూర్చోబెట్టి అడిగాడు.

"వాడి కులమేంటో తెలీదు, దేవుడెవరో తెలీదు. ఓడ దిగినోడు, రేపు మళ్ళీ ఓడెక్కి పోతాడు. నీ గతేంటి?"

"మనమూ ఓడ దిగినోళ్ళమే గదా, బావా," అంది పిన్ని.

నాన్న కాదనలేదు. ఒప్పుకోనూ లేదు. పిన్ని గిర్మిట్ ఇంకా రెండేళ్ళుంది. అది తీరేదాకా ఆమె ఎక్కడికీ కదలడానికి లేదు.

అంతలో ఓడ వచ్చింది. పంచదార ఎత్తుకుని మనీలా మీదుగా పోతుందనీ, వంటవాడు కావాలని కెప్టెన్ బాబాయికి కబురు పెట్టాడనీ లైన్లన్నీ చెప్పుకున్నాయి. మనీలా దగ్గరి ఆ పల్లెలో ఆయనకి తల్లి ఉంది. పిన్ని ఆ వారమంతా తలెత్తలేదు.

ఓడ కదిలే ముందురోజు సాయంత్రం బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన మూట పెట్టుకుని వచ్చాడు. వీడ్కోలు చెప్పడానికే అనుకున్నాం. మూట నాన్న ముందు విప్పాడు. బూడిద అద్దిన పెండలం ముక్కలు.

"నాటాలి. ఈ నెల పోతే లేటు."

"ఓడ వెళ్తోందట గదా?" అన్నాడు నాన్న.

"వెళ్తోంది."

"మరి నువ్వు?"

బాబాయి గుమ్మంలో నిలబడ్డ పిన్నివైపు చూశాడు. "నాటినోడే తవ్వాలి కదా, భాయ్."

పిన్ని చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. భర్త పోయినప్పుడు రాని ఏడుపు కూడా అప్పుడే వచ్చిందని చాలా ఏళ్ళ తర్వాత నాతో చెప్పింది.

ఆ రోజు పగలంతా ఆయన వంట చేశాడని తర్వాత తెలిసింది. ఊదా ముద్దని గట్టిగా ఇగరబెట్టి, రేకు డబ్బాలో నొక్కి, మూత చుట్టూ మైనం పూసి ఓడ మనిషి చేతికిచ్చాడు, వాళ్ళమ్మకి ఇమ్మని. "అన్నాళ్ళకి పాడైపోదా?" అని పిన్ని అడిగితే, "అమ్మకి వాసన చాలు," అన్నాడు. డబ్బా చేరిందో లేదో ఆయనకి ఎప్పటికీ తెలియలేదు. చేరిందనే మాట్లాడేవాడు.

రెండేళ్ళూ ఆగాడు. గిర్మిట్ తీరిన నెలలోనే మా గుమ్మం ముందు పసుపుతాడు కట్టాడు. కట్టమని చెప్పింది నాన్నే. విందులో నాన్న మొదటిసారి ఆ ఊదా ముద్ద నోట్లో వేసుకుని, అందరూ చూస్తుండగా నిదానంగా నమిలి, "పులుపు తగ్గింది," అన్నాడు. అందరికంటే గట్టిగా బాబాయే నవ్వాడు.

తర్వాత కౌలుకి కొంచెం నేల, ఒక రేకుల ఇల్లు, నలుగురు పిల్లలు. ఆ ఇంట్లో గడ్డ తవ్విన ప్రతిసారీ సగం పులుసుకి, సగం తీపికి. ఏ సగం పెద్దదన్న తగువు ముసలితనం దాకా నడిచింది. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు, ఎవరూ అలగలేదు. నేను పెళ్ళై నౌసోరి వచ్చేటప్పుడు వండటం నేర్పబోతే, నాకు ఓపిక లేదన్నాను. "ఓపిక గడ్డకుంది. నువ్వు పక్కన కూర్చో చాలు," అన్నాడు.

కర్మ అయిన రోజు వాళ్ళ పెద్ద కూతురు మూకుడు పెట్టి ఆ ఊదా ముద్ద వండింది. ఫిజీ ఊరివాళ్ళు చాపలు తెచ్చి పరిచారు. మనవలు తినేసి, వసారాలో వరసగా నిలబడి ఒకరికొకరు నాలుకలు చాపి చూపించుకుంటున్నారు, ఎవరిది ఎక్కువ ఊదాగా ఉందో అని. అందరికంటే చిన్నది వచ్చి, అమ్మమ్మ నాలుక కూడా చూడాలని, పిన్ని మోకాళ్ళు పట్టుకుని ఊపింది.

"నానీ, నీది దిఖావో."

పిన్ని ఒకసారి మా అందరివైపూ చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత మెల్లగా, ఊదారంగు పట్టిన నాలుకని బయటికి చాపింది.