ఉతకకూడని సూట్లు

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం, శివరాత్రి వెళ్లిన సోమవారం నాడు, తాండూరు శివారులోని పాత బ్యాటరీల యార్డులో నేను మేట్‌గా చేరాను. మేట్ అంటే కూలీల గుంపుకు పెద్ద. హాజరు రాయడం, పని పంచడం, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పడం, చెప్పినట్టు నిలబడ్డారో లేదో చూడడం ఆ పని. అంతకు ముందు ముప్పై ఏళ్లు నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో ఆడకూలీల గుంపులను నడిపించాను. చదివింది మూడో తరగతి. రిజిస్టర్లు రాసి రాసి చేతిరాత కుదిరింది. యార్డు పని తరువాత ఇంకో పనికి పోలేదు కాబట్టి అదే నా ఆఖరి ఉద్యోగం.

ఆ యార్డులో ఎన్నో ఏళ్ల పాటు లారీల, ట్రాక్టర్ల పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరిగించి, దిమ్మెలు పోసి అమ్మేవారు. ఒక రోజు యజమాని తాళం వేసి వెళ్లిపోయాడు. సీసం మాత్రం వెళ్లలేదు. మట్టిలోనే ఉండిపోయింది. యార్డు గోడకు ఆనుకునే మా వాడ అంగన్‌వాడీ. గాలి లేచినప్పుడల్లా ఆ దుమ్ము పిల్లలు ఆడుకునే చోట పడేది. వికారాబాద్ నుంచి డాక్టర్లు వచ్చి పదకొండు మంది పిల్లల రక్తం తీసి పరీక్షకు పంపితే, అందరిలోనూ సీసం హద్దు దాటి ఉంది. ఇది జ్వరంలా బయటికి కనిపించదని, లోలోపలే పిల్లల తెలివినీ ఎదుగుదలనూ తినేస్తుందని చెప్పారు. అంగన్‌వాడీకి తాళం పడింది. ఆ పదకొండు మందిలో ఒకతె నా మనుమరాలు సింధు. నాలుగేళ్లది. రిపోర్టులో దాని పేరుకు ఎదురుగా పద్నాలుగు అని ఉంది. అది ఎక్కువేనని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

అంగన్‌వాడీ మళ్లీ తెరవాలంటే రెండు షరతులు పెట్టారు. మొదటిది, యార్డు మట్టి శుభ్రం కావాలి. రెండోది, మూడు నెలల తరువాత తీసే రక్తంలో పిల్లలందరి అంకెలూ దిగాలి. ఏ ఒక్కరిది దిగకపోయినా యార్డులో ఇంకా సీసం ఉన్నట్టే లెక్క, తాళం అట్లాగే ఉంటుంది. నా బిడ్డ సుజాత పొద్దున పోతే సాయంత్రం దాకా కందిపప్పు మిల్లులో ఉంటుంది. అందుకని సింధును మా ఆయన చూసుకునేవాడు. చూసుకోవడం అంటే మంచం మీద పడుకుని, అది ఎక్కడుందో అప్పుడప్పుడు కేకేసి కనుక్కోవడం. అంగన్‌వాడీ తొందరగా తెరవడం నాకు ఎంత అవసరమో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

పని ఇట్లా సాగేది. యార్డునంతా తాళ్లతో గడులుగా విడదీసి ఒక్కో గడికి నంబరు ఇచ్చారు. పైమట్టిని ఒక అడుగు లోతున జేసీబీ తీసేది. గోడల వెంట, కాలువల వెంట, బట్టీ పునాదుల దగ్గర మిషను పోదు. అక్కడ నా పన్నెండు మంది ఆడవాళ్లు పారలతో తీసేవారు. దుమ్ము లేవకుండా ముందు నీళ్లు చల్లాలి. తీసిన మట్టిని రెండు పొరల సంచుల్లో నింపి, మూతి కట్టి, గడి నంబరు రాయాలి. సంచులు లారీలెక్కి, ఇట్లాంటి విషపు చెత్త కోసమే కట్టిన గుంతకు పోయేవి. గడి ఖాళీ అయ్యాక సేఫ్టీ ఆఫీసర్ వాహిద్ సార్ గన్ను పట్టుకుని వచ్చేవాడు. గన్ను అంటే మట్టికి ఆనించి అర నిమిషం పట్టుకుంటే అందులో ఎంత సీసం ఉందో అంకెలో చూపించే మిషను. అంకె హద్దుకు కింద ఉంటే నవాబుపేట వైపు నుంచి తెచ్చిన మంచి మట్టి పోసేవాళ్లం. పైన ఉంటే మళ్లీ తవ్వాలి.

వాహిద్ సార్ పరిగి మనిషి. వయసులో నా కొడుకంత, ఉద్యోగంలో నాకు పైవాడు. ఆయన పైన సైట్ ఇన్‌ఛార్జి ఉండేవాడు. ఆయన వారానికి ఒకసారి కారులో వచ్చి, కారు దిగకుండానే బాగుందని చెప్పి పోయేవాడు.

పనికి వచ్చేవాళ్లు దాటాల్సిన గదులు మూడు. మంచి గదిలో ఇంటి బట్టలు విప్పి తెల్ల సూటు తొడుక్కోవాలి. సాయంత్రం మురికి గదిలో సూటు విప్పి డ్రమ్ములో పడేయాలి. నడుమ గదిలో తలస్నానం చేసి మళ్లీ ఇంటి బట్టల్లోకి రావాలి. సూటు ఒక్కసారి తొడిగేది, మళ్లీ వాడకూడదు. లోపలి వస్తువు ఏదీ గేటు దాటకూడదు. గేటు దగ్గర సంచులు వెతికే పని నాది.

ఆ పని నేను బాగా చేశాను. షహనాజ్ అని మా గుంపులో చురుకైన మనిషి ఉండేది, పదకొండు మంది పిల్లల్లో ఇద్దరు ఆమె పిల్లలే. ఒక సాయంత్రం ఆమె సంచిలో, మట్టి కుప్ప మీద కప్పిన ప్లాస్టిక్ షీటు ముక్క దొరికింది. మేకల కొట్టం కురుస్తోందని తీసుకుపోతోంది.

"జర్రంత ముక్కనే గదా అక్కా. మేకలకు గూడ సీసం ఎక్కుతదా?" అంది.

మేకలకు ఎక్కకపోయినా మేకలను పట్టుకునే పిల్లలకు ఎక్కుతుందని చెప్పి, మూడు రోజులు పనికి రావద్దన్నాను.

"నీ దిల్ గుండెకాయ గాదక్కా, నాపరాయి," అని షీటు అక్కడే పడేసి పోయింది. మూడు రోజుల తరువాత వచ్చి, అందరికన్నా ముందు నా ముందర సంచి బోర్లించి చూపించడం మొదలుపెట్టింది. ప్రతి సాయంత్రం అట్లాగే చేసేది. అడగకముందే.

రెండో నెలలో సూట్లకు కటకట వచ్చింది. స్టోర్ కీపర్ రమేష్, ఇండెంట్ పెట్టినా సరుకు రాలేదని, ఉన్న సూట్లు వారానికి మించి రావని, అయిపోతే పని ఆపాల్సిందేనని నాకు చెప్పాడు. ఇండెంట్ అంటే సరుకు పంపమని రాసే చీటీ. పని ఆగితే అంగన్‌వాడీ తాళం అట్లాగే ఉంటుంది. ఆ సాయంత్రం మురికి గదిలో డ్రమ్ము మూత తీసి చూశాను. పన్నెండు సూట్లు. ఒక్కదానికీ జిప్పు ఊడలేదు, కుట్టు విడలేదు. మా ఇంట్లో చీర చినిగితే బొంత అవుతుంది, బొంత చినిగితే మసిగుడ్డ అవుతుంది. ఒక్క పూట తొడిగిన బట్టను పారేయడం నేను పుట్టాక చూడలేదు.

తొమ్మిది సూట్లు ఏరి సంచిలో పెట్టుకున్నాను. గేటు దాటడం కష్టం కాలేదు. అందరి సంచులూ వెతికేది నేనే, నా సంచి వెతికేవాళ్లు ఎవరూ లేరు.

ఆదివారం మా పెరట్లో, స్నానాల నీళ్లు పోయే జాలారు పక్కన ఉన్న బండ మీద వాటిని సబ్బు పెట్టి ఉతికి, మూడు నీళ్లలో జాడించాను. ఆ బండ మీదే సింధుకు స్నానం చేయించేది. నురగ చూసి అది కాళ్లతో చిందులేసింది. నీళ్లు వృథా పోకుండా గోంగూర మడిలోకి మళ్లించాను. సోమవారం మడతలు పెట్టి తెచ్చి ఇస్తే రమేష్ ఎక్కడివని అడగలేదు. అట్టపెట్టెలో పెట్టుకున్నాడు. తరువాత కొత్త సరుకు వచ్చింది. అయినా నేను ఉతకడం మానలేదు. వారానికి రెండుసార్లు ఉతికాను. ఏ రోజు ఎన్ని ఉతికానో హాజరు రిజిస్టరు వెనుక పేజీలో రాసిపెట్టాను.

నెల మీటింగులో ఇన్‌ఛార్జి మొదటిసారి కారు దిగాడు. ఈ సైట్‌లో సూట్ల వాడకం సగానికి తగ్గిందని, ఇది మేట్ మాణెమ్మ క్రమశిక్షణ వల్లేనని చెప్పి, నాకు శాలువా కప్పి, దళసరి కాగితం మీద అచ్చు వేసిన ప్రశంసాపత్రం ఇచ్చాడు. పొదుపుకు గాను అని దాని మీద రాసి ఉంది. వాడకం ఎట్లా తగ్గిందని వాహిద్ సార్ రమేష్‌ను అడిగాడు. చించకుండా జాగ్రత్తగా వాడుతున్నారని రమేష్ జవాబు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. షహనాజ్ ఇంకొంచెం ఎక్కువసేపు కొట్టింది.

మూడు నెలలు నిండాక రెండోసారి రక్తం తీశారు. వాహిద్ సార్ షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి పేర్లు చదివాడు. పది మంది పిల్లల అంకెలు దిగాయి. షహనాజ్ పిల్లలిద్దరివీ సగానికి వచ్చాయి. చివర సింధు పేరు చదివి, ఇరవై ఒకటి అన్నాడు.

ఆయన నన్ను పక్కకు పిలిచి చాలా అడిగాడు. పిల్ల మట్టి తింటుందా, కంటికి సుర్మా పెడతారా, ఇంట్లో పాత రంగుల డబ్బాలున్నాయా, కొత్తగా ఏదైనా పసుపు కొన్నారా. అన్నిటికీ లేదని జవాబిచ్చాను. మా ఇల్లు అద్దంలా ఉంటుందని కూడా చెప్పాను. ఇన్‌ఛార్జి ఫోనులోనే తీర్పు చెప్పాడు. అంగన్‌వాడీ వైపు గోడ వెంట ఎక్కడో సీసం మిగిలింది, ఆ వరుస గడులన్నీ ఇంకో అర అడుగు తవ్వండి అని.

తొలకరి జల్లుల్లో మళ్లీ తవ్వకం మొదలుపెట్టాం. శుభ్రమైందని గన్ను చెప్పిన గడులను, మేమే పోసిన మంచి మట్టిని, మళ్లీ సంచుల్లో నింపాం. ఆ పది మంది పిల్లల తల్లులు నన్ను ఏమీ అనలేదు. నేను వస్తుంటే మాటలు మాత్రం ఆపేసేవారు. ఎక్కడి మట్టి తీసినా గన్నులో అంకె హద్దు దాటలేదు. నాలుగో రోజు అన్నాల వేళ షహనాజ్ తన డబ్బా మూత పెడుతూ అంది:

"ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకక్కా. మా ఇండ్లల్ల వారానికొక్కపారి ఊడుస్తం. మా పోరగాండ్ల అంకెలు దిగినయి. నువ్వు దినాం బండలు కడుగుతవు, బట్టలు మూడు నీళ్లల్ల తీస్తవు. గంత కడిగే ఇంట్లకు సీసం ఎట్లొచ్చె?"

ఆమె దెప్పడానికే అన్నది. నాకు మాత్రం పెరట్లో ఉతికిన సూట్లు గుర్తొచ్చాయి. అప్పుడే తెలిసిందని చెబితే అబద్ధం. ఆ నాలుగు రోజులూ తెలిసీ తెలియనట్టు ఉన్నాను. చెప్పకపోతే గోడ వెంట తవ్వుతూనే ఉంటారు. ఎంత తవ్వినా సింధు అంకె దిగదు, తాళం తెరుచుకోదు. చెబితే ఆ పన్నెండు మంది ముందు నా మాటకు విలువ ఉండదు. చేయి కడుక్కుని వాహిద్ సార్ దగ్గరికి పోయాను.

"సార్, గాడ తవ్వుడు ఆపుండ్రి. గన్ను మా ఇంటికి పట్టుకరండ్రి," అన్నాను.

ఆయన అంతా విన్నాడు. ఎన్నిసార్లు ఉతికారని అడిగితే రిజిస్టరు వెనుక పేజీ తీసి ఇచ్చాను. అందులో తేదీలున్నాయి, సూట్ల లెక్క ఉంది, నా సంతకం కూడా ఉంది. ఆయన ఒక కొత్త సూటు తెప్పించి మెడ దగ్గరి చిన్న పట్టీ చూపించాడు. నీళ్ల తొట్టి బొమ్మ, దాని మీద అడ్డంగా రెండు గీతలు. ఉతకవద్దని దాని అర్థం. అన్ని వారాలు ఆ బొమ్మను నేను చూస్తూనే ఉన్నాను. తయారు చేసిన కంపెనీ గుర్తు అనుకున్నాను.

పెరట్లో గన్ను బండ మీద పెడితే అంకె హద్దు దాటింది. నాపరాయి పొరల సందుల్లో దుమ్ము కూర్చుందన్నాడు. గోంగూర మడిలో పెడితే, యార్డులో బట్టీ పక్క గడికి మొదటి రోజు వచ్చినంత అంకె వచ్చింది. సింధు ఆ మడిలోనే ఇళ్లు కట్టి ఆడుకునేది. మా ఆయన మంచం మీద నుంచి కేకేస్తే అక్కడి నుంచే పలికేది.

మరుసటి రోజు నా గుంపే మా ఇంటికి వచ్చింది. నేను మేట్‌గా ఉండడానికి లేదు కాబట్టి వాహిద్ సార్ ఆ రోజుకు షహనాజ్‌ను మేట్ చేశాడు. నీళ్లు చల్లారు, మడిని అడుగు లోతు తీశారు, జాలారు చుట్టూ మట్టి తీశారు, సంచుల మీద నంబర్లు రాశారు. బండ లేపుతుంటే నేను ఆగలేక, నాలుగు అంగుళాల మందం రాయి, గీకి కడిగితే పనికొస్తుందని అన్నాను.

"పనికొచ్చేవన్నీ ఇంట్ల పెట్టుకుంటేనే గదా అక్కా గీ కథ," అని షహనాజ్ దాన్ని లారీ ఎక్కించింది. తరువాత గుమ్మం దగ్గర నిలబడి నా చేతిలో సంచి చూపించమంది. అందులో ఆకులూ వక్కా తప్ప ఏమీ లేవు. బోర్లించి చూపించాను. ఆ రోజు వాళ్లు తొడిగినవి ఏడు సూట్లు. ఎవరూ అడగకపోయినా లెక్కపెట్టాను. ఏడూ డ్రమ్ములో పడ్డాయి.

గోడ వెంట తవ్వకం ఆపేశారు. సింధును, సుజాతను రెండు నెలలు కోట్‌పల్లిలో నా చెల్లెలి ఇంట్లో ఉంచాం. సుజాత అక్కడి నుంచే మిల్లుకు బస్సులో తిరిగింది. మూడోసారి తీసిన రక్తంలో సింధు అంకె తొమ్మిదికి వచ్చింది. ఇంకా దిగాలి కానీ దారిలో పడిందని డాక్టరమ్మ చెప్పింది. ఎదిగే వయసులో లోపలికి పోయింది ఏం చేసిందో ఇప్పుడే చెప్పలేమని కూడా చెప్పింది. దసరా సెలవులు అయ్యాక అంగన్‌వాడీ తాళం తీశారు. నా వల్ల అది ఎన్ని వారాలు ఆలస్యమైందో నాకు తెలుసు, మిగతా పిల్లల తల్లులకూ తెలుసు. నన్ను పని నుంచి తీసేయలేదు. పని అయిపోయేదాకా సంచులు నింపే వరుసలో చేశాను. మేట్‌గా షహనాజే ఉంది, నాకన్నా గట్టిగా ఉంది. రమేష్‌ను ఇంకో సైట్‌కు మార్చారు. ప్రశంసాపత్రం వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు. ఇనప పెట్టెలో ఉంది.

ఈ పని కొత్తగా చేయబోయేవారికి నేను చెప్పగలిగింది రెండు మాటలు. పారేయమని రాసిన వస్తువును పారేయడం కూడా పనే, దాన్ని మిగిల్చినవాళ్లు పని ఎగ్గొట్టినట్టే. అందరి సంచులూ వెతికే మనిషి సంచిని వెతకడానికి ఇంకో మనిషిని పెట్టాలి. ఈ రెండో మాటను వాహిద్ సార్ తరువాతి సైట్‌లో రూలుగా రాయించి గేటుకు తగిలించాడని షహనాజ్ చెప్పింది. రూలు ఎవరి వల్ల వచ్చిందో మాత్రం అందులో రాయలేదట.