పామర్రు నుంచి జపాను భోజనానికి

మా ఆవిడ వాణి బళ్ళో పంతులమ్మ. నేను తొమ్మిదో తరగతిలో పుస్తకాల సంచీ పారేసి ట్రాక్టర్ల కింద దూరినవాణ్ణి. అందుకని మా ఇంట్లో ఒకళ్ళు పాఠం చెబుతారు, ఇంకొకళ్ళు గోడకుర్చీ వేస్తారు. పెళ్ళయి ఏడాదైనా నా గోడకుర్చీ ఇంకా దిగలేదు.

ఆ ఏడాది నిండిన రోజునే ఈ ప్రయాణం. రెండు వేల ఎనిమిది, జనవరి నెల. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త హోటలు పెట్టారనీ, జపాను వంటల్ని మన నోటికి తగ్గట్టు మార్చి పెడుతున్నారనీ వాణికి తోటి టీచరు చెప్పిందట. "ఇంట్లో అత్తయ్యగారు, మామయ్యగారు, మీ తమ్ముడు. మనిద్దరమే కూర్చుని తిన్న పూట ఒక్కటైనా ఉందా?" అంది. ఎంత వెతికినా దొరకలేదు. సరే అన్నాను.

సరే అన్నాక భయం పట్టుకుంది. వాణికి రొయ్య పడదు. పడదంటే దురదా దద్దుర్లూ కాదు, పెదాలు వాచి గొంతు మూసుకుపోతుంది. కాలేజీ రోజుల్లో ఎవరి పెళ్ళిలోనో పలావులో ఒక్కటి పంటి కింద పడితే ఆస్పత్రిలో పెట్టి బతికించుకున్నారు. అప్పగింతలప్పుడు మా మావగారు నా చెయ్యి వదలకుండా, "అల్లుడు గారూ, మా అమ్మాయిది కాస్త నోరెక్కువ, మీరు సర్దుకోండి. రొయ్యని మాత్రం దగ్గరికి రానివ్వకండి," అన్నారు. కృష్ణా జిల్లాలో కాపరం పెట్టి రొయ్యని దగ్గరికి రానివ్వకపోవడమంటే, వరి నాట్లేస్తూ కాళ్ళకి బురద అంటకుండా చూసుకోవడమే. అయినా మా అమ్మ పుణ్యమా అని ఏడాది గడిచింది. కోడలు కాలు పెట్టినప్పట్నుంచీ మా వంటింట్లోకి ఆ వాసనే రాలేదు.

సాయంత్రం నాలుగున్నరకి పామర్రులో బందరు నుంచి వచ్చే బస్సు ఎక్కాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఆ వేళప్పుడు ఎడమవైపు కూర్చుంటే కంకిపాడు దాకా ఎండ మొహాన్నే ఉంటుంది. మేం కుడివైపు కూర్చున్నాం. పక్క సీట్లో కలంకారీ దుప్పట్ల మూటలతో బందరు సాయిబుగారు ఒకాయన.

"ఎందాకా బాబూ?" అన్నాడు.

"జపాను దాకా, చాచా."

"టికెట్టు బెంజ్ సర్కిల్ దాకానే కొట్టించావుగా. దిగి నడుస్తావా?"

వాణి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. సంగతి చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని, "వాళ్ళు చేపని పచ్చిగానే తింటారంట. మావాడు టీవీలో చూశాడు," అన్నాడు.

"గ్యాసు అయిపోయిందేమో పాపం," అన్నాను.

అన్నానే గానీ లోపల నాకు ఒకటే గుబులు. చేప ఉన్నచోట రొయ్య ఉండదా?

ఉయ్యూరులో చెరుకు ట్రాక్టర్లు అడ్డం. బస్సు నిండా బెల్లప్పాకం వాసన. కంకిపాడులో జామకాయలు కొందామంటే, "ఆకలి చెడుతుంది," అని వాణి కొననివ్వలేదు. ఆటోనగర్ గేటు దగ్గర సగం బస్సు ఖాళీ అయింది. విడిభాగాల కోసం నేను తరచూ దిగేది అక్కడే. అక్కడ ఏ కొట్లో ఏ బేరింగు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇంకో పది నిమిషాల్లో నా ముందు పెట్టబోయే గిన్నెలో ఏముందో మాత్రం కళ్ళు తెరుచుకున్నా చెప్పలేను. ఆ ఆలోచన రాగానే, దిగిపోయి ఎక్కడన్నా ఇడ్లీ తినేద్దామా అనిపించింది. వాణి అప్పటికే కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

హోటలు మూడో అంతస్తులో. ఆరుంపావుకి లిఫ్టెక్కాం. గుమ్మం దగ్గర చెప్పులు విడిపించి, పొట్టి బల్ల ముందు దిండ్ల మీద కూర్చోబెట్టారు. పైన ఎర్ర కాయితం లాంతర్లు. తినడానికి రెండు పుల్లలిచ్చారు. పదహారో నంబరు స్పానరు పట్టే చేతికి పుల్లలేం నిలుస్తాయి? నా పాట్లు చూసి వాణి చేత్తోనే తినెయ్యమంది. అంత అందంగా నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఇంట్లో చూసే తీరిక ఎక్కడిది?

నల్లంగీ వేసుకున్న సర్వరు వచ్చాడు. ఏ ఊరని అడిగితే అవనిగడ్డ అన్నాడు. మనవాడే అని ప్రాణం కాస్త కుదుటపడింది.

"చూడు బాబూ, ఈవిడకి రొయ్య పడదు. తింటే ప్రాణం మీదకొస్తుంది. అవి లేనివే పెట్టు," అన్నాను.

"రొయ్యలవి రెండే ఐటమ్స్ అండీ. అవి మీకు తేను."

"వంటాయన్ని కూడా ఓసారి అడిగి రా."

వెళ్ళి అడిగొచ్చాడు. "లేవండీ. మీరు నిశ్చింతగా తినండి."

మొదట నల్లటి ఆకులో చుట్టిన అన్నం ముక్కలొచ్చాయి, మధ్యలో క్యారెట్టూ మామిడల్లమూ పెట్టి. నేను ముందు ఒకటి తిని, కాసేపాగి, అప్పుడు వాణి వైపు జరిపాను. "నవాబుగారి కొలువులో ఉన్నారా?" అంది. తర్వాత సోయా పన్నీరు. అదీ ముందు నేనే. ఆ తర్వాత మూతపెట్టిన గిన్నెల్లో వేడివేడి సూపు. తేటనీళ్ళలాంటి రసంలో సొరకాయ ముక్కలు, పైన ఉల్లికాడ. ఒక చెంచా తాగాను. ఇంకోటి తాగాను. ఇంత హాయైన రుచి నోటికి తగిలి చాలా కాలమైంది. ఎక్కడ తిన్నానో గుర్తు రాలేదు గానీ ఒళ్ళంతా తెలిసింది.

"జపానోళ్ళు మనోళ్ళేనే. తాగు," అన్నాను.

తాగింది. నాలుగో చెంచా దగ్గర ఆగి చెవి వెనక గోక్కుంది. తర్వాత మెడ. "ఏమండీ, నాలిక మందంగా ఉంది," అంది. చూస్తుండగానే కింది పెదవి ఉబ్బింది.

నేను వేసిన కేకకి వంటాయన బయటికొచ్చాడు. నాగాయలంక మనిషి, నడివయసు. "రొయ్యల్లేవండీ," అన్నాడు ఒట్టేసినట్టు. "సొరకాయ, ఉల్లికాడ, అంతే. రుచికి కాస్త ఎండు రొయ్యల పొడి. వాళ్ళైతే ఎండు చేప తురుము వేస్తారు, అది మనకి దొరకదు."

ఆయన్ని ఏమనగలను? మా అమ్మ మాత్రం? మా పెళ్ళికి ముందు, ఇవాళ కూరేంటమ్మా అంటే 'సొరకాయ' అనేది తప్ప, అందులో గుప్పెడు ఎండు రొయ్యలు వేశానని ఏనాడైనా చెప్పిందా? మా వైపు అవి రొయ్యల లెక్కలోకి రావు, ఉప్పూకారాల లెక్కలో పోతాయి. ఆ హాయి ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

లిఫ్టు కోసం ఆగకుండా వాణిని ఎత్తుకుని మెట్లు దిగాను. చెప్పులు పైనే ఉండిపోయాయి. ఆటో ఎక్కితే బెంజ్ సర్కిల్లో నాలుగువైపులా లారీలు, బస్సులు, సందు లేదు. వాణి ఊపిరి ఈల వేస్తోంది. ఆ ఈల ఆగితే? ఆటో అతను అద్దంలో ఆమె మొహం చూసి మారుమాట్లాడకుండా ఎదురు రోడ్డులోకి తిప్పాడు. "ఆమెతో ఏదోటి మాట్లాడుతుండండి సార్," అన్నాడు. నోటికొచ్చింది ఆటోనగర్ బేరింగుల లెక్కే, అదే చెప్పుకుంటూ పోయాను. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

నర్సింగ్ హోంలో డాక్టరమ్మ ఇంజక్షను చేసి, ముక్కుకి మాస్కు పెడుతూ, "ఏం తిన్నారు?" అంది.

"జపాను సొరకాయ పులుసండీ."

"భార్య ఇలా ఉంటే వేళాకోళమా?"

"లేదండీ. నిజంగానే," అంటూ ఏడ్చేశాను. నర్సు నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. కాసేపటికి ఆవిడే తలుపు తీసి, గాలి బాగానే ఆడుతోందనీ, తెల్లారే దాకా ఉంచుకుని పంపిస్తామనీ చెప్పింది.

పొద్దున్నే చెప్పుల కొట్లు తెరవరు కాబట్టి ఇద్దరం వట్టి కాళ్ళతోనే బందరు బస్సెక్కాం. వాణి పెదవి ఇంకా పూర్తిగా తగ్గలేదు, కండక్టరు ఎగాదిగా చూశాడు. ఆ హోటలుకి వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. దిండ్లు మెత్తగా ఉంటాయి, మనుషులు మంచివాళ్ళు, పెళ్ళాం నవ్వు దగ్గర్నుంచి కనిపిస్తుంది. కాకపోతే ఇంట్లో పడనివాళ్ళుంటే రొయ్యలున్నాయా అని అడిగి ఊరుకోకండి. రుచికి ఏం వేశారో అడగండి. మన డెల్టాలో నిజం ఆ మాట వెనకే ఉంటుంది.

ఉయ్యూరు దాటాక వాణికి ఉన్నది చెప్పాను. మా అమ్మ సొరకాయ కూర సంగతి, ఏడాదిగా ఆ రుచి నోటికి తగలక అలా ఆవురావురుమన్నానని.

వాణి కిటికీ నుంచి ఇటు తిరిగింది. "ఆ ముక్క ముందే చెప్పుంటే, అత్తయ్యగారితో మీకు వేరే గిన్నెలో వండించి, వాసన పోయేదాకా వీధరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేదాన్ని కదండీ. దానికి నన్ను జపాను తీసుకెళ్ళాలా?"