యాదయ్యను బోర్లా తిప్పిన రోజు

2018 వానాకాలం. పాతబస్తీలోని ఒక చిన్న ఆసుపత్రి ఐసీయూలో నేను సీనియర్ నర్సును. బహదూర్‌పురాలో పాడి గేదెలు సాకే యాదయ్య న్యుమోనియాతో వచ్చి, మూడో రోజుకు వెంటిలేటర్ మీదికి చేరాడు. డాక్టరమ్మ ఏఆర్‌డీఎస్ అంది. అంటే ఊపిరితిత్తుల గాలి సంచుల్లో నీరు ఊరి, ఆక్సిజన్ ఎంత పంపినా రక్తంలోకి ఎక్కని స్థితి. యాదయ్యను నేనొక్కణ్ణే బతికించానని నా చాయ్ దోస్తులు ఇప్పటికీ నమ్ముతారు. నేనే నమ్మించాను.

అతని భార్య మణెమ్మ ఏడుస్తూ వచ్చింది. "అన్నా, ఛాతీ లేస్తనే లేదు. జర గాలి ఎక్కువ పెట్టుండ్రి."

"ఫికర్ చెయ్యకు చెల్లె, నేనున్న గదా!"

దర్జాగా వెంటిలేటర్ దగ్గరికి నడిచాను. టైడల్ వాల్యూమ్, అంటే ఒక్కో ఊపిరికి యంత్రం పంపే గాలి, పెంచే మీట తిప్పబోయాను. మా రోజుల్లో నేర్పింది అదే.

"సార్, చెయ్యి తియ్యండి!" అంది డాక్టరమ్మ. "ఊపిరితిత్తుల్లో తెరుచుకుని ఉన్నది పిడికెడు. పెద్ద ఊపిరిస్తే అదీ పాడైతది. బోర్లా తిప్పుదాం."

దీన్ని ప్రోన్ పొజిషన్ అంటారు. బోర్లా పడుకోబెడితే వీపు వైపు అణిగిపోయిన భాగాలు తెరుచుకుంటాయి.

మణెమ్మ భగ్గుమంది. "పీనుగను గూడ బోర్ల పండవెట్టరు! నోట్ల గొట్టం వెట్టి ముఖం కిందికా? నేను సంతకం చెయ్య."

రక్తంలో ఆక్సిజన్ ఎనభై శాతానికి దిగింది. అప్పుడు నేను గేదెను ఉదాహరణగా చెప్పి ఆమెను ఒప్పించాను. ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్న కథ ఇది. శుద్ధ అబద్ధం. నేను చెప్పిన నీరు, సంచులు ఆమెకు ఒక్క ముక్క ఎక్కలేదు. తనే అడిగింది.

"కూలవడ్డ బర్రెను పక్క మీదనే ఉంచితే ఊపిరాడక సస్తది. మేం రొమ్ము మీద కూసోవెడ్తం. గిది గట్లనేనా?"

"గట్లనే చెల్లె."

"గా ముక్క ముందే చెప్పరాదా ఏంది?" అంటూ సంతకం చేసింది.

ఐదుగురం కలిసి తిప్పాం. డాక్టరమ్మ తల దగ్గర గొట్టం పట్టుకుంది. నేను పట్టుకున్నది కాళ్ళు. సాయంత్రానికి ఆక్సిజన్ తొంభై రెండు. రోజూ పదహారు గంటలు బోర్లా ఉంచితే, పదో రోజు గొట్టం తీశాం.

ఆ మీట నేను తిప్పేసి ఉంటే యాదయ్య పోయేవాడేమో. జబ్బే తీసుకుపోయిందనుకునేవాళ్ళు, నాతో సహా. ముప్పై ఏళ్ల అనుభవం చేతికి తొందర నేర్పుతుందని ఆ రోజే తెలిసింది. రిటైరయ్యేదాకా ఏ కుటుంబం ముందు కాగితం పెట్టినా, మొదట "మీరేం పని చేస్తరు?" అని అడిగేవాణ్ణి.