మామ్మ పేరు

నేను కాకినాడ నుంచి స్టీమరులో వచ్చి రంగూన్‌లో దిగిన వారానికి, పనిలో చేరిన బియ్యం మిల్లులో ఇంజన్లు చూసే ఓ ముసలి దొర నన్ను తెలుగులో పలకరించాడు. మన రేవు కూలీల దగ్గర నేర్చుకున్నాడట.

"మా అయ్య ఐస్‌లాండు నుంచి కెనడాకి వొలసెల్లినోడు బాబూ. మాకు ఇంటిపేర్లుండవు. అందుకే తాతల పేర్లన్నీ నోటికి నేర్పుతారు," అంటూ ఏడు తరాల ఆడా మగా పేర్లు వేళ్లమీద చెప్పాడు.

నేనూ గర్వంగా గోత్రం, ముగ్గురు ఋషుల పేర్లూ అప్పజెప్పాను.

"రుషులు సరే. మీ నాయనమ్మ పేరేటి?"

నన్ను పెంచింది ఆవిడే. ఇంట్లో అందరికీ మామ్మే. పేరేమిటని నేనెన్నడూ అడగలేదు. తెలియదనడానికి సిగ్గేసి "సీతమ్మ" అనేశాను.

దొర టోపీ తీసి, నేను కల్పించిన ఆ పేరుకి తల వంచాడు.