నర్సమ్మ కళ్లు మూయనన్న పరీక్ష

తెలంగాణ రాష్ట్రం వచ్చి రెండేళ్లు దాటాక, ఒక వేసవిలో నన్ను మహబూబ్‌నగర్ నుంచి నల్గొండకు బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్. ఆడపిల్లలకు చేతిపని నేర్పే శిక్షణ సంస్థల్లో పాఠం చెప్పేది, పని చేయించేది, రికార్డులు దిద్దేది, బీరువా తాళాలు పోతే వెతికేది కూడా ఈ ఏటీవోనే. మా ట్రేడ్ పేరు కాగితాల మీద కాస్మెటాలజీ, ఊళ్లో బ్యూటీషియన్ కోర్సు. మా ప్రిన్సిపాల్ గారికి మాత్రం అది ‘ఆ రంగుల సెక్షన్’. ఆయన మా గది ముందు నుంచి వెళ్లేటప్పుడు తల దించుకుని, తన చెప్పులు తానే చూసుకుంటూ వెళ్లేవారు. అంత సర్వీసున్న మనిషి ఒక ఐబ్రో పెన్సిల్‌కు ఎందుకంత భయపడేవారో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను, తర్వాత తెలిస్తే నవ్వుతారు. నా కళ్లకు నేనెప్పుడూ లైనర్ పెట్టుకోలేదు. సోడాబుడ్డి అద్దాల వెనక ఏం పెట్టుకున్నా దండగే. అయినా ఉద్యోగమంతా పరాయి కళ్ల మీద గీతలు గీయించడంతోనే గడిచింది.

లైనర్ పాఠం మొదలైన రోజే ప్రతి బ్యాచ్‌తోనూ నాకు గొడవ. అప్పట్లో టీవీ సీరియళ్లలో కుట్రలు చేసే కోడళ్లందరికీ కంటి కొస నుంచి కణత దాకా ఒక తోక ఉండేది. మా పిల్లలకు అదే కావాలి. గుండ్రటి కళ్ల పిల్లకూ అదే తోక, చారెడేసి కళ్ల పిల్లకూ అదే తోక, చింతగింజంత కళ్ల పిల్లకూ అదే తోక. ‘‘మీరంతా ఎవరి సంసారంలో నిప్పులు పోయడానికి బయల్దేరుతున్నారమ్మా?’’ అని అడిగేదాన్ని. నవ్వేవాళ్లు, మళ్లీ తోకే గీసేవాళ్లు.

నిజానికి లైనర్ పనిలో బ్రష్ కన్నా ముందు చూపు కావాలి. బాదం కంటికి ఏ గీతైనా నప్పుతుంది, అలాంటి కళ్లున్నవాళ్లు అదృష్టవంతులు, వాళ్లతో మనకు పని లేదు. గుండ్రటి కంటికి గీత లోపలి కొసన సన్నగా మొదలై, బయటి కొసకు వచ్చేసరికి మందమై, కొంచెం ముందుకు సాగాలి. అప్పుడు కన్ను పొడుగ్గా కనబడుతుంది. చిన్న కంటికి కింది రెప్ప లోపల నల్ల కాటుక దట్టించకూడదు, ఉన్న కన్ను కూడా మూసుకుపోయినట్టుంటుంది. కొస కిందికి వాలిన కంటికైతే గీతను ఆ వాలు వెంట పోనీయకుండా, చివరికి చేరకముందే పైకి లేపాలి. రెండు కళ్లూ ముక్కుకు దగ్గరగా ఉంటే గీతను రెప్ప మధ్య నుంచి మొదలుపెట్టాలి, దూరంగా ఉంటే లోపలి మూల నుంచే.

చివరగా చెప్పేది మడత కన్ను. కన్ను తెరవగానే పైచర్మం వాలి రెప్పను కప్పేస్తుంది. వయసు మీద పడ్డవాళ్లలో ఎక్కువ. ఆ కంటికి మందపాటి గీత పెడితే మడత మింగేస్తుంది, మింగింది చాలక పైన మచ్చగా అంటుతుంది. కన్ను తెరిపించి, ఎదురుగా చూస్తుండమని, గీత ఎక్కడ కనబడుతుందో అక్కడ చుక్కలు పెట్టుకుని, వాటిని సన్నగా కలపాలి. ఈ మాట నేను చెప్పాను, పిల్లలు రాసుకున్నారు, చక్కగా బొమ్మ కూడా వేశారు. కానీ సాధన చేసేది ఒకరి మీద ఒకరు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ముఖాల్లో మడత కన్ను ఎక్కడి నుంచి వస్తుంది? ఆ కన్ను మాకు బొమ్మలోనే ఉండిపోయింది.

ఆ బ్యాచ్‌లో స్వరూప అనే అమ్మాయి ఉండేది. చండూరు దగ్గర ఒక ఊరు, నేత పని చేసే ఇల్లు. పెళ్లయ్యాక కోర్సులో చేరింది. భర్తది నల్గొండలో బట్టల షాపులో పని, పొద్దున వచ్చి రాత్రికి పోయేవాడు. మామ పోయాక ఇంట్లో మగ్గం ఆగిపోయింది. అత్త నర్సమ్మ ఇతరుల మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఇంటి ముందరి గదిలో మగ్గం గుంట మాత్రం అలాగే ఉంది. నేత మగ్గం కింద కాళ్లు పెట్టుకోవడానికి నేలలో తవ్విన గొయ్యి అది. స్వరూప ఆ గదిలో పార్లర్ పెట్టాలనుకుంది. ఇంట్లో బజారు మీదికి ఉన్న గది అదొక్కటే. గొయ్యి ఉన్న గదిలో కుర్చీ వేయలేం, గొయ్యి పూడ్చాలంటే నర్సమ్మ ఒప్పుకోవాలి. ఆమె పూడ్చనివ్వనంది. పోయిన తన భర్త కూర్చుని నేసిన జాగా కావడం ఒక కారణం, నలుగురూ ఏమనుకుంటారోనన్నది రెండో కారణం. అందులో మొదటిది స్వరూపకు కూడా అర్థమైంది. రెండో దాని దగ్గరే ఏడ్చేది.

నేనొకసారి ఓదార్పుగా ఏదో అంటే, ‘‘మా అత్తమ్మ మంచిదే మేడం, గని ఊరు మంచిది కాదు,’’ అంది.

కోర్సు చివర ట్రేడ్ టెస్ట్ వచ్చింది. ప్రాక్టికల్‌కు బయటి నుంచి పరీక్షాధికారి వస్తారు, వాళ్లను ఎక్స్‌టర్నల్ అంటాం. అభ్యర్థి తన మోడల్‌ను తానే తెచ్చుకోవాలి. మోడల్ లేకపోతే మార్కులు లేవు. మోడల్ కంటి ఆకారం గుర్తించి, తగిన లైనర్ వేసి, ఎందుకు అలా వేసిందో నోటితో చెప్పాలి. గంట కొట్టాక మాలాంటి లోపలివాళ్లు అభ్యర్థితో ఒక్క మాట మాట్లాడకూడదు. సైగ చేసినా తప్పే.

స్వరూప మోడల్‌గా మాట్లాడుకున్నది పిన్ని కూతుర్ని. బాదం కళ్ల పిల్ల. దాని మీద అమావాస్య చీకట్లో గీసినా పాసే. పరీక్ష పొద్దున ఆ పిల్ల ఫోన్ చేసి, తనను చూసుకోవడానికి మిర్యాలగూడ నుంచి పెళ్లివారొస్తున్నారు, రాలేనంది. అంతటితో ఊరుకోక, పెళ్లిచూపులకు లైనర్ ఎలా పెట్టుకుంటే బాగుంటుందని స్వరూపనే అడిగింది. ఆ పిల్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

స్వరూప వరండాలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. వెంట నర్సమ్మ ఉంది. ఈ కోర్సులో అసలేం జరుగుతుందో ఒకసారి కళ్లారా చూసి తేల్చుకుందామని ఆ రోజు తానే బస్సెక్కి వచ్చిందట. సన్నటి మనిషి, తెల్ల జుట్టు, బొట్టు లేని నుదురు. సంగతంతా విని, కోడల్ని కసిరింది.

‘‘ఏడుస్తవేందే? ఏడాది సంది బస్సులల్ల తిరిగిన కష్టం గంగల కలుపుతవా? నడు, నేను కూసుంట.’’

స్వరూప బిత్తరపోయింది. నేనూ అంతే. నర్సమ్మ మాకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వలేదు.

‘‘గని ఒక్క మాట. మనిషి లెక్క చేస్తివా, గుంట సంగతి ఆలోచిస్త. యేషం లెక్క చేస్తివా, ఇగ ఆ ముచ్చట మల్ల నా ముందల ఎత్తొద్దు. మేడం, మీరే సాక్ష్యం.’’

ఉద్యోగంలో నేను చాలా కాగితాలకు సాక్షి సంతకం పెట్టాను గాని, ఇంత భయపడుతూ ఎప్పుడూ పెట్టలేదు.

ఎక్స్‌టర్నల్ మేడం హైదరాబాద్ మనిషి, మర్యాదస్తురాలు. కుర్చీలో నర్సమ్మను చూసి ఒక్క క్షణం ఆగింది. భర్త పోయినవాళ్ల కళ్లకు పెట్టడం ఎలాగన్నది ఆమె సందేహం, పైకి అనలేక ‘‘అమ్మా, మీకేం ఇబ్బంది లేదు కదా?’’ అని ఊరుకుంది. ‘‘పరీక్ష నాది కాదమ్మా, దానిది. కానియ్యుండ్రి,’’ అంది నర్సమ్మ. గంట కొట్టారు. నేను గోడకు చేరి నోరు మూసుకున్నాను. అది నాకు అలవాటు లేని పని.

స్వరూప చేతులు శుభ్రం చేసుకుని, రెప్పల మీద పొడి అద్ది, జెల్ లైనర్ బ్రష్ అందుకుంది. అంతా పద్ధతి ప్రకారమే. ‘‘అత్తమ్మా, కండ్లు ముయ్యి,’’ అంది.

‘‘ఎందుకు ముయ్యాలె? నా మొకం మీద ఏం రాస్తున్నవో నేను సూడొద్దా?’’

ఐదు నిమిషాలు బేరం నడిచింది. చివరికి నర్సమ్మ ఒక్క కన్ను మూసింది. రెండోది తెరిచి, చేతి అద్దంలో కోడలి మీద కాపలా కాసింది. ఒంటికన్ను పహారా కింద స్వరూప కుడి రెప్ప మీద గీత గీసింది. ఎంత చక్కటి గీత! అంచు వణకలేదు, మందం ఎక్కడా చెడలేదు, కొసన బుజ్జి తోక. నాకు గర్వమేసింది. ఆ గర్వం నర్సమ్మ కన్ను తెరిచేదాకే. తెరవగానే మడత వాలింది, గీత మాయమైంది. తోక సగానికి విరిగి చర్మంలో ఇరుక్కుపోయింది.

నర్సమ్మ అద్దం దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టుకుంది. ‘‘ఏదే గీత? పెట్టినవా, పెట్టినట్టు చేసినవా?’’

పక్క కుర్చీల్లో మోడళ్లు కిసుక్కుమన్నారు. స్వరూప నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. ఆ ఫ్యాన్ రెక్కల మీద ఎంత దుమ్ముందో ఆ రోజే చూశాను. బొమ్మ వేశావు కదమ్మా, మడత కన్ను, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో గుర్తులు కూడా పెట్టావు కదమ్మా అని లోపల అరుస్తున్నాను. బయటికి ఒక్క మాట రాకూడదు.

స్వరూప ఎడమ కంటికి వచ్చింది. ‘‘జర ముయ్యి అత్తమ్మా, నీ కాల్మొక్త,’’ అంది.

‘‘ముయ్య. మూసిన కంట్ల పెడితె యాడనో దాసినవ్. గీ కంట్ల నేను సూస్తుంటె పెట్టు, కనబడేటట్టు పెట్టు.’’

అద్దం ముఖానికి ఎదురుగా పట్టుకుని, కళ్లు విప్పార్చి కూర్చుంది. మొండితనమే, అందులో వేరే విద్య ఏమీ లేదు. కానీ అలా కూర్చునేసరికి ఆమె చూపు నిటారుగా, కన్ను సరిగ్గా తెరుచుకుని ఉంది. స్వరూప బ్రష్ గాలిలో ఆపింది. ఒంగి అత్త కన్ను వైపు చూసింది. అంతవరకు ఆమె రెప్పను చూసింది గాని కన్నును చూడలేదు. మెల్లగా, తెరిచిన కంటికి చుక్కలు పెట్టింది. మడత ఎక్కడ ఆగుతుందో దాని కింద నుంచి కొసను పైకి తీసింది, తోక ఊసే ఎత్తలేదు. చుక్కలను సన్నగా కలిపింది. తర్వాత కుడి కన్ను తుడిచి, మళ్లీ అదే పద్ధతిలో గీసింది. నేను పైకప్పు నుంచి కళ్లు దించాను.

ఎక్స్‌టర్నల్ మేడం వచ్చి, మొదటి గీత అందంగానే ఉంది కదా, ఎందుకు తుడిచావని అడిగింది. స్వరూప పుస్తకం భాష మొదలుపెట్టి, మధ్యలో దాన్ని వదిలేసింది.

‘‘గది మూసిన కంటికి అందం మేడం. మనిషి కండ్లు తెరిసే తిరుగుతది గద.’’

మేడం నవ్వి మార్కులు వేసింది. ఎన్ని వేసిందో నేను చెప్పను, పాసైంది. నర్సమ్మ మాత్రం ఏ తీర్పూ చెప్పలేదు. అద్దంలో చాలాసేపు చూసుకుంది. కడుక్కోవడానికి నీళ్లు చూపిస్తానంటే వద్దంది. కోడల్ని తీసుకుని బస్‌స్టాండుకు పోయింది. సాక్షినైన నన్ను అలా అక్కడే వదిలేసింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

మిగతాది ఆ సాయంత్రం స్వరూప ఫోన్‌లో చెప్పింది. బస్సులో వాళ్ల ఊరావిడ ఒకామె ఎక్కి, నర్సమ్మ ముఖం చూసి ఆగిపోయిందట. పదిమందీ వినేలా అడిగిందట. ‘‘ఏంది నర్సక్కా, కాటుకా? బొట్టు తీసిన మొకానికి కాటుకేంది?’’

బస్సులో సగం మంది ఆ ఊరివాళ్లే.

నర్సమ్మ తల తిప్పకుండానే అందట: ‘‘ఆయన పోయిననాడు బొట్టు తీసిండ్రు. కండ్లు తియ్యలేదు గద?’’

కొంతసేపటికి ఆ ఊరావిడే జరిగి జరిగి స్వరూప పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, ‘‘నా కండ్లకు గూడ గట్లనే కుదురుతదా బిడ్డా?’’ అని అడిగిందట. స్వరూప నోరు తెరిచేలోపే నర్సమ్మ జవాబు చెప్పింది.

‘‘గుంట పూడనియ్యి. అప్పుడు రా.’’

ఫోన్‌లో ఈ మాట చెబుతూ స్వరూప నవ్వుతూనే ఏడ్చింది. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను, అంతకన్నా ఎక్కువ చెప్పను.

మరుసటి బ్యాచ్ నుంచి సాధనకు ప్రతి పిల్లా ఇంటి నుంచో వాడ నుంచో ఒక పెద్దావిడను తేవాలని నియమం పెట్టాను. ఆవిడకు బొట్టు ఉందా లేదా అన్నది మా సెక్షన్‌కు సంబంధించిన విషయం కాదని కూడా చెప్పాను. మోడల్ కళ్లు మూయనంటే బలవంతం చేయకూడదు, అద్దం చేతికివ్వాలి. తన ముఖం మీద జరిగే పనిని చూసే హక్కు ఆమెకుంది. గీత ఏ కంటికైనా చివరికి తెరిచి చూసే సరిచేయాలి. అంతకుముందు మడత కన్ను పాఠం అన్నిటికన్నా చివర చెప్పేదాన్ని. రిటైరయ్యేదాకా అన్నిటికన్నా ముందు చెప్పాను.