తమ్ముడి బల్ల కోసం మిర్యాలగూడకు

తాగుడు కారణంగా మా తమ్ముణ్ని మిర్యాలగూడ చర్చి సంఘం ప్రభువు బల్లకు దూరం పెట్టింది. అంటే రొట్టె, ద్రాక్షరసం అందరికీ అందుతుంటే వాడు వెనక వరుసలో చూస్తూ కూర్చోవాలి. ఇప్పుడు మానేశాడని, మళ్లీ చేర్చుకోవాలా వద్దా అని నా మాట కూడా అడిగారు. నేను సూర్యాపేటలో సంఘపెద్దను కదా! ఆ పిలుపుకు లోలోపల గర్వంగానే ఉండింది.

నేరుగా వెళ్లే బస్సులున్నా, కోదాడ పుట్టింట్లో ఉన్న తమ్ముడి భార్యను, మా మరదలిని, తీసుకెళ్లాలని అటు మీదుగా బయలుదేరాను. పొద్దున్నే ఆరింటి బస్సు, గంట ప్రయాణం, టికెట్ వంద లోపే. కోదాడ బస్టాండ్ ఎదురుగా వేడి వేడి ఇడ్లీ, వడ దొరుకుతాయి. నేను కడుపునిండా లాగించాను. మరదలు టీ కూడా వద్దంది.

"బల్ల తీసుకునేదాకా ఏమీ ముట్టనండి బావగారూ."

"దేవుడు మన కడుపులకు తొంగిసూస్తడామ్మా" అని నవ్వాను.

హుజూర్‌నగర్, గరిడేపల్లి మీదుగా మిర్యాలగూడకు రెండు గంటలు. దారంతా వరి పొలాలే. నేను మాత్రం తమ్ముడికి పెట్టాల్సిన చీవాట్లు కూర్చుకుంటూ పోయాను. దిగాక చర్చికి పోవాలంటే ఆటో అతను నవ్వాడు. "ఏ చర్చి సార్? గీడ గల్లీకొకటుంటది."

ఆరాధనలో పాస్టర్ గారు, ఎవరిని వాళ్లు పరీక్షించుకోండని కాసేపు మౌనంగా ఉండమన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను తమ్ముణ్నే చూస్తున్నాను. కళ్లు గుంటలు పడ్డాయి, చేతులు వణుకుతున్నాయి. నన్ను అడిగినప్పుడు లేచి, "ఇంకా మానినట్టు లేడు అయ్యగారూ, చేతులు సూడుండ్రి. ఇంకొన్నాళ్లు ఆపుదాం" అన్నాను. మరదలు ఏదో చెప్పబోతే పెద్దలు కూర్చోమన్నారు. రొట్టె పళ్లెం తమ్ముణ్ని దాటి నా దగ్గరికొచ్చింది. తీసుకున్నాను.

బయట మరదలు నన్ను కడిగేసింది. "నిన్న పొద్దున్నించి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదండి ఆయన, ఈ బల్ల కోసమే. నాకు ఫోన్లో చెప్పారు. వణక్క ఏం చేస్తాయండి చేతులు? వడలు తిని వచ్చిన మీరు తీసుకున్నారు!"

తమ్ముడు ఆమెను ఆపాడు. "అన్నా, జనం ఇంకా లోపట్నే ఉన్నరు. నేనే తప్పు సూసిన అని ఒక్క మాట చెప్పి రా."

"వచ్చే నెల బల్లప్పుడు చెప్త తియ్. బస్సుకు టైమైతుంది" అన్నాను.

వాడు మళ్లీ అడగలేదు. భార్యను తీసుకుని వెళ్లిపోయాడు.

మా సంఘంలో ఎవరిలో ఏ లోపముందో నన్నడగండి, టకటకా చెప్తాను. నన్ను నేను చూసుకోమని ఇచ్చిన ఆ కాస్త మౌనంలో కూడా తమ్ముణ్నే తవ్వాను. తప్పు తెలిశాక పదిమంది ముందు ఒప్పుకోవడానికి నోరు పెగల్లేదు. వాడు నెలల తరబడి వెనక వరుసలో కూర్చుని చేసింది ఆ ఒప్పుకోవడమే. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి: మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు సాయంత్రం దాకా బస్సులు వరసగా ఉంటాయి. తొందరపడాల్సిన పనే లేదు.